హాస్య నాటకం ఆడిషన్ రేపే, రెండు నిమిషాల ముక్క కుదరడం లేదు

కె.ఆర్.పురం కాపురం (శనివారం, రాత్రి 10:40)
సాయంత్రం ఐదున్నరకు గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నాను. ఇంకా అక్కడే ఉన్నాను. రేపు పదకొండు గంటలకు బెంగళూరు బసవనగుడిలో ఆడిషన్. ఆఫీసుల్లో పనిచేసేవాళ్ళు, రిటైరైనవాళ్ళు కలిసి సరదాకు నడుపుకునే బృందం అది. ఈసారి హాస్య నాటకం వేస్తున్నారు. రెండు నిమిషాలకు మించకుండా ఏదైనా హాస్యపు ముక్క చేసి చూపించాలట. ఆ తరువాత వాళ్ళిచ్చిన కాగితం చూసి చదవాలట.

కన్యాశుల్కం నుంచి గిరీశం ముక్క ఒకటి ఎత్తుకున్నాను. ఐదు నిమిషాలు వస్తోంది. కోస్తే నవ్వు పోతోంది, కోయకపోతే సగంలో ఆపేస్తారు. మా ఆవిడ ముందు మూడుసార్లు చేశాను. మొదటిసారి నవ్వింది. రెండోసారి ఫోను చూసుకుంది. మూడోసారి పెరుగన్నం కలుపుకోవడానికి లేచి వెళ్ళిపోయింది. గొంతు మార్చి గిరీశాన్నీ వెంకటేశాన్నీ ఇద్దరినీ నేనే చేసి చూశాను, అదీ అతకలేదు. తెల్లారేలోపు ఎవరైనా దారి చూపించండి. నేను బొత్తిగా కొత్తవాణ్ణి కాదు, కాలేజీ రోజుల్లో రెండు నాటికలు వేశాను.

పాత తెర (10:52)
నాటికలు వేశానన్నారు. నాలుగు అంకాలవా? నాటక శాస్త్రం రాసిన లాక్షణికుల లెక్కలో నాటిక అంటే ఉపరూపకం, అంటే రెండో శ్రేణి నాటకం, నాలుగు అంకాలు ఉండాలి. హర్షుడి రత్నావళి నాటిక. మన వాళ్ళు గంటలో అయిపోయే ప్రతిదాన్నీ నాటిక అనడం మొదలుపెట్టాక ఆ మాటకు అర్థమే పోయింది. మీరు వేసినవి ఏకాంకికలు అయివుంటాయి.

ఇక హాస్య నాటకం అన్నారు. దశరూపకాల్లో, అంటే శాస్త్రం చెప్పిన పది రకాల నాటకాల్లో, దానికి ప్రహసనం అని చక్కటి పేరు ఉంది. ఏడో శతాబ్దంలో కంచి నుంచి ఏలిన పల్లవ మహేంద్రవర్మ రాసిన మత్తవిలాసం ప్రహసనమే. కన్యాశుల్కం మాత్రం నాటకం. అందులోనూ 1897లో అచ్చయినది ఐదు అంకాలు, 1909లో గురజాడ తిరగరాసినది ఏడు అంకాలు. మీరు ఏ ముద్రణ నుంచి తీసుకున్నారు?

వింగ్ పక్కన (10:55)
గిరీశం వద్దు. ఒకటిన్నర నిమిషం ముక్క చూసుకోండి. పడుకోండి.

కె.ఆర్.పురం కాపురం (11:01)
ఎందుకు వద్దో చెప్పకుండా పడుకోమంటే నిద్ర ఎలా పడుతుందండీ? నా దగ్గర ఉన్నది ఫోనులో దొరికిన పాఠం, ముద్రణ సంగతి తెలియదు.

ఫిల్టరు కాఫీ రెండు (11:14)
వింగ్ పక్కన గారు చెప్పింది సబబే, కాకపోతే కారణాలు మింగేశారు. నేను నాలుగైదుసార్లు బల్లకు అవతలి వైపు కూర్చున్నాను కాబట్టి అక్కడి నుంచి ఎలా కనిపిస్తుందో చెబుతాను.

గిరీశాన్ని మేము చాలా చూశాం. వచ్చిన వారిలో ఇద్దరు ముగ్గురు ఆయన్నే తెస్తారు. అప్పుడు మిమ్మల్ని చూడం, ఇంతకు ముందు చూసిన గిరీశాలతో పోల్చుకుంటూ కూర్చుంటాం. రెండోది, అందరూ ఆ పాత్రను నవ్వించడానికి చేస్తారు. గిరీశానికి తాను నవ్వులపాలవుతున్న సంగతి తెలియదు. తాను మహా మేధావినని మనస్ఫూర్తిగా నమ్ముతాడు, అందుకే మనకు నవ్వు వస్తుంది. కన్ను కొట్టి, గొంతు సాగదీసి, చివర మనవైపు చూసి చిరునవ్వు నవ్వేవాళ్ళు పుట్టిన నవ్వును వాళ్ళే చంపేస్తారు. మీ ఆవిడ ముందు మూడుసార్లూ ఒకేలా చేశారా, ప్రతిసారీ కాస్త కాస్త పెంచుతూ పోయారా? నాకు రెండోదే అనిపిస్తోంది.

ఇద్దరు మనుషుల్ని ఒక్కరే చేయవద్దు. తల కుడికీ ఎడమకూ తిప్పడం తప్ప మాకేమీ కనిపించదు. ఎదుటి మనిషి అక్కడ ఉన్నట్టు ఊహించుకుని మీ మాటలే చెప్పండి, ఆయన మాట వింటున్నట్టు ఆగండి. నటుడు వినగలడా లేదా అన్నది ఆ ఆగడంలోనే తెలుస్తుంది. ఎదురుగా కూర్చున్నవాళ్ళ కళ్ళలోకి చూడవద్దు, మా తలలకు కొంచెం పైన గోడ మీద ఒక చోటు పెట్టుకోండి. మీరు మా కళ్ళలోకి చూస్తుంటే మేము నవ్వాలో రాసుకోవాలో తెలియక ఇబ్బంది పడతాం.

కోయడం గురించి. అందరూ మధ్యలో కోస్తారు, అక్కడే నవ్వుకు కావలసిన సరంజామా అంతా ఉంటుంది. మొదట్లో ఉన్న పరిచయ వాక్యాలు తీసేయండి. గొడవ మధ్యలో మొదలుపెట్టి, మంచి మాట రాగానే ఆపి, కదలకుండా ఒక క్షణం నిలబడండి. "అంతేనండీ, అయిపోయింది" అని నసగవద్దు.

ఇంకో మాట. చేశాక "అదే ముక్కను ఈసారి కోపంగా కాకుండా భయంగా చేయండి" అని అడుగుతారు. మీరు మొదట బాగా చేయలేదని కాదు, చెప్పింది పట్టుకుని మారతారా లేదా అని చూడడానికి అలా అడుగుతారు. చాలామంది మళ్ళీ అదే చేసి కూర్చుంటారు. ఇంట్లో ముక్కను రాయిలా గట్టిపరచుకోవడం వల్ల వచ్చే తిప్పలు ఇవి. ఐదు గంటలు చేశారు, ఇక చాలు.

పరిషత్తు రోజులు (11:22)
అమ్మా, అన్నీ చెప్పారు గానీ గొంతు సంగతి వదిలేశారు. వాచికం, అంటే మాట పలికే తీరు, లేనిదే హాస్యం ఏమిటి? మా రోజుల్లో నాటక పరిషత్తు పోటీల్లో స్టేజీ మీద మూడో నాలుగో మైకులు పైనుంచి వేలాడేవి. నటుడు ఎక్కడ నిలబడితే మాట వినిపిస్తుందో లెక్క వేసుకుని కదలాలి. కింద కూర్చున్నవాళ్ళు వాక్యం చివరి అక్షరం వినబడలేదని మార్కులు కోసేవారు. ఇప్పటి పిల్లలు చెవిలో తీగ పెట్టుకుని గుసగుసలాడుతుంటే అభినయమంటున్నారు. వాక్యం చివర గొంతు దించకండి, నవ్వు ఉండేది అక్కడే. ఇక మీ ఇంట్లో రాత్రిపూట పెరుగన్నం మానండి, కఫం చేస్తుంది.

సోమరి దోసె (11:24)
పెరుగన్నం తిన్నది ఆయన కాదు, వాళ్ళావిడ.

పరిషత్తు రోజులు (11:27)
అయితే ఇద్దరూ మానండి.

నుడికారం (11:31)
అందరూ ఆడిషన్, ఆడిషన్ అంటున్నారు. లాటినులో వినడం అనే అర్థమున్న ధాతువు నుంచి వచ్చిన మాట అది. మన రేడియో వాళ్ళు స్వరపరీక్ష అని ఎప్పుడో అనేవారు. పాత్ర ఎంపిక అన్నా చక్కగా ఉంటుంది. ఒకసారి అలవాటు చేసుకుంటే పోయేదేముంది?

పాత తెర (11:34)
స్వరపరీక్ష అంటే పాటగాళ్ళకు అనుకుంటారు. నాటకంలో ఆంగికం (ఒంటి కదలిక), ఆహార్యం (వేషం), సాత్వికం (లోపలి భావం) కూడా ఉన్నాయి కదా. పాత్ర ఎంపిక అనేది దర్శకుడు చేసే పని, నటుడు ఇచ్చేది కాదు. ఈ రెండూ కుదరవు.

నుడికారం (11:36)
మీకు నాటిక కుదరదు, నాకు ఆడిషన్ కుదరదు. ఎవరి నొప్పి వారిది.

ఫిల్టరు కాఫీ రెండు (11:40)
కె.ఆర్.పురం గారూ, ముందే అడగవలసింది. వాళ్ళు వేసే నాటకం ఏమిటి? మీరు ఏ పాత్ర కోసం వెళుతున్నారు?

కె.ఆర్.పురం కాపురం (11:43)
బృందంలో ఒకరు రాశారట, ఒక అద్దె ఇంటి గొడవ. నాకు ఇంటి ఓనరు వేషం మీద మనసు ఉంది. కన్నడ నాటకమే కాబట్టి పేరు కూడా కన్నడమే.

సోమరి దోసె (11:44)
కన్నడమా!

వింగ్ పక్కన (11:44)
ఇది గంట కిందట చెప్పవలసిన మాట.

కె.ఆర్.పురం కాపురం (11:48)
బసవనగుడి బృందం అన్నాను కదా, అర్థమవుతుందనుకున్నాను. పద్నాలుగేళ్ళుగా ఈ ఊళ్ళో ఉన్నాను, ధారాళంగా మాట్లాడతాను. ముక్క ఏ భాషలో చేసినా ఫరవాలేదన్నారు, అందుకే తెలుగు ఎత్తుకున్నాను. చదవవలసిన కాగితం మాత్రం కన్నడంలోనే ఉంటుంది.

ఫిల్టరు కాఫీ రెండు (11:59)
అయితే గిరీశాన్ని ఇవాళ్టికి పక్కన పెట్టండి. ఆయన హాస్యమంతా మాటలో ఉంది. తెలుగు రానివాళ్ళ ముందు అది చేతులు ఊపే మనిషిగా మిగులుతుంది. మాటకారితనం మీద ఆధారపడని, పరిస్థితిలోంచి నవ్వు పుట్టే ముక్క కావాలి. కన్నడంలోనే చేయండి. మీకు బాగా వస్తుందన్నారు కాబట్టి అది ముందే చూపించేస్తే మంచిది. కాగితం చదివేటప్పుడు వాళ్ళకు సందేహం మిగలదు.

ముక్క ఎక్కడి నుంచి అని అడగకండి. ఏదైనా అన్నారుగా, మీరే రాసుకోండి, ఎనిమిది వాక్యాలు చాలు. నీళ్ళ టాంకరు వాడికి ఫోను చేస్తున్న ఇంటి ఓనరు. మూడో అంతస్తు వాళ్ళు పైనుంచి అరుస్తున్నారు, టాంకరు వాడేమో పక్క వీధిలో ఉన్నానంటున్నాడు, ఓనరు అతన్ని బతిమాలుతూనే అద్దెకున్నవాళ్ళ ముందు దర్జా ఒలకబోయాలి. ఫోను కాబట్టి అవతలి మాట విని ఆగడం తప్పదు, రెండు గొంతులు అక్కరలేదు. ఈ ఊళ్ళో వేసవి గడిపిన ఎవరికైనా అర్థమవుతుంది.

నుడికారం (రాత్రి 12:06)
ఇప్పుడు నేను పనికొచ్చే మాట ఒకటి చెబుతాను. మన కన్నడం ఎక్కడ పట్టిస్తుందో తెలుసా? చకార జకారాల దగ్గర. తెలుగులో అ, ఉ, ఒ ల ముందు మనం దంత్యంగా పలుకుతాం, పాతవాళ్ళు ౘ, ౙ అని రాసేవారు. చాప, జోరు అనేటప్పుడు నాలుక పళ్ళకు తగులుతుంది. కన్నడంలో ఆ దంత్యం లేదు. చాకు, చూరు, జోరు, జాస్తి అన్నీ అంగిట్లోనే, మనం చీమ, జీతం అన్నప్పుడు పలికినట్టే. రోజూ మాట్లాడేటప్పుడు ఎవరూ పట్టించుకోరు, స్టేజీ మీద మొదటి వాక్యంలోనే తెలిసిపోతుంది. అలాగే అద్దె గురించి వస్తే నోరు జారి బాడుగ అనకండి, బాడిగె.

పరిషత్తు రోజులు (12:09)
యాస ఉంటే ఉండనివ్వండి, ఓనరు తెలుగువాడు కాకూడదా? ఈ ఊళ్ళో ఎంతమంది లేరు?

వింగ్ పక్కన (12:11)
పాత్ర రాసినవాళ్ళు చెప్పాలి అది.

ఫిల్టరు కాఫీ రెండు (12:15)
యాస గురించి మరీ కుంగిపోకండి. కన్నడ హాస్య నాటకానికి పెద్ద దిక్కుగా చెప్పుకునే టి.పి.కైలాసం (1884-1946) ఇంట్లో మాట్లాడింది తమిళం. బెంగళూరు ఇళ్ళలో కన్నడమూ ఇంగ్లీషూ కలిపి మాట్లాడే తీరునే ఆయన స్టేజీ ఎక్కించారు. ఆయన్ను ప్రహసన ప్రపితామహుడు అంటారు.

పాత తెర (12:17)
చూశారా, కన్నడిగులు ప్రహసనం అనే అన్నారు. హాస్య నాటకం అనలేదు. మొదటి నుంచీ నేను చెబుతున్నది అదే.

సోమరి దోసె (12:20)
మీరందరూ ఏ భాషలో చేయాలో చెబుతున్నారు గానీ ఈయన అక్కడికి ఎలా చేరతారో ఎవరూ అడగలేదు. కె.ఆర్.పురం నుంచి కారులో బయలుదేరకండి, ఆదివారమని నమ్మకండి. మెట్రోలో ఊదా రంగు లైను ఎక్కండి, మెజెస్టిక్‌లో ఆకుపచ్చ లైనుకు మారండి. చిక్కపేట, మార్కెట్, ఆ తరువాతి స్టేషను నేషనల్ కాలేజీ. దిగితే బసవనగుడే. మెజెస్టిక్‌లో మారేటప్పుడు నడక ఉంటుంది, పది నిమిషాలు చేతిలో ఉంచుకోండి.

కె.ఆర్.పురం కాపురం (12:31)
టాంకరు ముక్క రాస్తున్నాను. మా ఆవిడ నిద్రపోయింది, ఈసారి ప్రేక్షకులు లేరు. జాస్తి, జాస్తి, జాస్తి. ఇరవైసార్లు అన్నాను, ఇరవై ఒకటోసారి మళ్ళీ పళ్ళకు తగిలింది.

ఫిల్టరు కాఫీ రెండు (12:34)
తగిలితే తగలనివ్వండి, ముక్క మధ్యలో ఆగి సరిదిద్దుకోకండి. కాగితం చదివేటప్పుడు ఛాతీ ఎత్తులో పట్టుకోండి, ముఖానికి అడ్డం రాకుండా. ఎవరి పాత్ర, ఎవరితో మాట్లాడుతున్నాడు అని చదవబోయే ముందే అడగండి. అడిగితే ఎవరూ తప్పు పట్టరు. రిహార్సళ్ళకు ఏ రోజుల్లో రాగలరో కూడా నిజం చెప్పండి. గొప్పగా చేసి మూడో వారం నుంచి కనబడకుండా పోయేవాళ్ళకంటే ఓ మోస్తరుగా చేసి రోజూ వచ్చేవాళ్ళను తీసుకున్న రోజులు నాకు చాలా ఉన్నాయి.

పరిషత్తు రోజులు (12:40)
ఉదయం గోరువెచ్చని నీళ్ళు తాగండి. మిరియాలు రెండు.

కె.ఆర్.పురం కాపురం (ఆదివారం, సాయంత్రం 6:20)
వెళ్ళి వచ్చాను. ముగ్గురు కూర్చున్నారు. టాంకరు వాడితో మాట్లాడుతుంటే ఒకాయన గట్టిగా నవ్వారు, మిగతా ఇద్దరూ రాసుకున్నారు. ఈసారి బతిమాలకుండా బెదిరిస్తూ చేయమన్నారు, చేశాను. జాస్తి దగ్గర జారాను. కాగితం చదివించింది ఓనరు మాటలు కాదు, వాచ్‌మన్ మాటలు. కబురు చేస్తామన్నారు. మెట్రో సలహా బాగా పనికొచ్చింది, థాంక్స్.

ఫిల్టరు కాఫీ రెండు (6:45)
వాచ్‌మన్ వేషానికి ఎన్ని పేజీలు ఇచ్చారు?

పాత తెర (7:02)
ఆ గిరీశం ముక్క 1897 నాటిదా, 1909 నాటిదా, ఇంకా చెప్పలేదు.