బర్న్స్ పాటలు నిలిచింది యాస వల్లా, బాణీ వల్లా?

పాతపాటల_పిచ్చి:
నిన్న మా వాట్సాప్ గ్రూపులో మొదలైన గొడవ ఇది, తేలక ఇక్కడికి తెచ్చా. జనవరి 25 వస్తే స్కాట్లండ్‌లోనూ, బయట చాలా దేశాల్లోనూ స్కాట్లండ్ కవి రాబర్ట్ బర్న్స్ పుట్టినరోజు విందులు జరుగుతాయి. హ్యాగిస్ అనే మాంసం వంటకాన్ని పళ్లెంలో పెట్టి, దాని ముందు నిలబడి దాని మీదే రాసిన పద్యం చదువుతారు. ఆయన పోయింది 1796లో. రాసిన స్కాట్స్ యాస ఇంగ్లిష్ వాళ్లకే సగం అర్థం కాదు. మరి ఇంకా ఎందుకింత మోజు? నన్నడిగితే అదంతా బాణీ మహిమ. డిసెంబర్ 31 అర్ధరాత్రి ఆయన పాట 'ఆల్డ్ లాంగ్ సైన్' పాడేవాళ్లలో మొదటి చరణం దాటి వచ్చినవాళ్లు ఎందరు? మన దుండిగల్ ఎయిర్‌ఫోర్స్ అకాడమీ పరేడ్‌లో కొత్త ఆఫీసర్లు ఏళ్ల తరబడి నెమ్మదిగా అడుగులేస్తూ వెళ్లిందీ ఈ బాణీకే. అక్కడ వాయించింది బ్యాండు, పాడేవాళ్లే లేరు. టాగోర్ కూడా బాణీ తీసుకుని బెంగాలీలో తన మాటలు పెట్టుకున్నాడు. ఇందులో యాస ఎక్కడుందో చెప్పండి.

నిడదవోలు_జంక్షన్:
ఏ బాణీ అండీ? 1796లో జేమ్స్ జాన్సన్ పాటల సంకలనంలో ఆ పాట అచ్చయినప్పుడు ఉన్నది వేరే బాణీ. ఇప్పుడు మనం వినేదాన్ని 1799లో జార్జ్ థామ్సన్ జతచేశాడు. బాణీ మారిపోయినా మాటలు అలాగే ఉన్నాయి. మీ బాణం మీకే తగిలింది.

పాతపాటల_పిచ్చి:
సరే, దెబ్బ తగిలింది, ఒప్పుకుంటున్నా. కానీ ఆ పాత బాణీతోనే ఉండుంటే దుండిగల్ దాకా వచ్చేదా? ఇంకొకటి. రష్యన్ కవి మార్షాక్ అనువాదాలతో బర్న్స్ రష్యాలో అందరికీ తెలిసిన కవి అయ్యాడు, సోవియట్ ప్రభుత్వం 1956లో స్టాంపు కూడా వేసింది. రష్యన్‌లోకి స్కాట్స్ యాస ఎక్కడి నుంచి వస్తుంది?

అబర్డీన్_చలి:
అన్నా, నేనుండేది స్కాట్లండ్‌లోని అబర్డీన్‌లో. ఇక్కడి స్కాట్స్‌ని డోరిక్ అంటారు. ఉద్యోగంలో చేరిన మొదటి వారం సెక్యూరిటీ పెద్దాయన "ఫిట్ లైక్?" అన్నాడు. ఫిట్‌నెస్ గురించి అనుకుని, ఇంకా జిమ్‌లో చేరలేదండీ అన్నా. 'ఎలా ఉన్నావ్' అని దానర్థమట. ఇంకా నయం, "ఫూస్ యర్ డూస్?" అనలేదు. అంటే నీ పావురాలెలా ఉన్నాయని. "ఐ పెకిన్", గింజలు పొడుచుకుంటూనే ఉన్నాయి అని బదులివ్వాలి. అదే పెద్దాయన మేనేజర్ ఫోన్ చేస్తే తళతళలాడే ఇంగ్లిష్ మాట్లాడతాడు.

బర్న్స్ చేసిందీ అదే. 1785లో రాసిన ఎలుక కవిత చూడండి. నాగలి తగిలి ఎలుక గూడు చెదిరిపోతే రైతు దానితో మాట్లాడతాడు. మొదటి చరణం చిక్కటి స్కాట్స్. అందులో "స్లీకిట్" అనే మాటుంది. నున్నటి, నిగనిగలాడే ఒళ్లున్నదనీ, టక్కులాడి అనీ రెండర్థాలూ దానికి ఉన్నాయి. ముద్దు, తిట్టు ఒక్క మాటలో! రెండో చరణంలో ప్రకృతి మీద మనిషి పెత్తనానికి క్షమాపణ చెబుతాడు. అక్కడ భాష దాదాపు పూర్తిగా పుస్తకాల ఇంగ్లిష్ అయిపోతుంది. మూడో చరణంలో, అప్పుడప్పుడు దొంగతనం చేస్తావులే, పాపం నువ్వూ బతకాలి కదా అన్నప్పుడు మళ్లీ ఇంటి భాషకు వచ్చేస్తాడు. క్షమాపణ ఒక భాషలో, ఓదార్పు ఇంకో భాషలో. మార్షాక్ ఎంత గొప్పవాడైనా ఈ మలుపును రష్యన్‌లో ఎలా తిప్పుతాడు?

కృష్ణలంక_కుర్రోడు:
మీరంతా మరీ కరిగిపోతున్నారు బాస్. పల్లెటూరి అమాయకత్వం అప్పుడూ మంచి సరుకే. 1786లో 612 కాపీలతో వచ్చిన మొదటి పుస్తకం పేరులోనే 'ప్రధానంగా స్కాటిష్ యాసలో' అని వేసుకున్నాడు, అర్థం కానివాళ్ల కోసం చివర పదకోశం ఇచ్చాడు. ఎడిన్‌బరో పెద్దమనుషులు మురిసిపోయి 'దేవుడే చదువు చెప్పిన నాగలి రైతు' అన్నారు. దేవుడెక్కడ చెప్పాడు? నాన్న మాస్టార్ని పెట్టి చదివించాడు, పిల్లాడు ఇంగ్లిష్ కవులందర్నీ నమిలేశాడు. ఈ విందుల తంతు చూసి ఒళ్లుమండి హ్యూ మెక్‌డయార్మిడ్ అనే స్కాటిష్ కవి 1926లో ఒక దీర్ఘకవితలో ఉతికి ఆరేశాడు. అదీ స్కాట్స్‌లోనే.

నిడదవోలు_జంక్షన్:
మీ చివరి వాక్యమే మీకు జవాబు. బర్న్స్ విందుల్ని తిట్టాలన్నా ఆ భాషే కావాల్సొచ్చింది. ఇంకో సంగతి, 2011 జనాభా లెక్కల్లో 15 లక్షల మందికి పైగా స్కాట్స్ మాట్లాడతామని రాయించుకున్నారు. అది యాసా, భాషా అనే తగువులోకి నేను దిగను, తెల్లారిపోతుంది. కానీ అక్కడి బళ్లలో తరాల తరబడి స్కాట్స్ మాట్లాడిన పిల్లల్ని దండించేవాళ్లు. అదే పిల్లల చేత జనవరి వస్తే బర్న్స్ పద్యాలు కంఠతా పట్టించి బహుమతులిచ్చేవాళ్లు.

సిద్దిపేట_సైకిల్:
బడిల మాట్లాడితే దెబ్బలు, స్టేజి మీద మాట్లాడితే చప్పట్లు. గిది మాకు కొత్త ముచ్చట గాదు.

పాతపాటల_పిచ్చి:
ఎలుక కవితను ఎవరో స్కాటిష్ ఆయన చదివిన రికార్డింగ్ దొరికితే మూడుసార్లు విన్నా. రెండో చరణం దగ్గర గొంతు నిజంగానే మారింది, కోర్టులో నిలబడినట్టు. ఆ కవిత వరకూ మీదే గెలుపు. 'ఆల్డ్ లాంగ్ సైన్' మాత్రం బాణీదే, అది వదిలిపెట్టను. అబర్డీన్ తమ్ముడూ, మీ సెక్యూరిటీ పెద్దాయన చేత ఆ ఎలుక కవిత చదివించి రికార్డు చేసి పెట్టరాదూ?

అబర్డీన్_చలి:
అడిగా అన్నా. ఎలుకది పూర్తిగా రాదట, హ్యాగిస్‌ది వచ్చట. అదీ చేతిలో కత్తి ఉంటేనే, మధ్యలో పొడవాలి కదా అన్నాడు.