సెప్టిక్ షాక్‌లో సెలైన్ ఎంతవరకు ఎక్కించవచ్చు?

ప్రశ్న (హౌస్ సర్జన్, ప్రభుత్వ ఆసుపత్రి):
నమస్కారం. మూత్రనాళ ఇన్ఫెక్షన్ ముదిరి బీపీ పడిపోయి సెప్టిక్ షాక్‌లోకి వెళ్లిన ఒక మహిళకు గత వారం మా క్యాజువాలిటీలో కిలో బరువుకు 30 మిల్లీలీటర్ల లెక్కన ఒకటిన్నర లీటరు సెలైన్ ఎక్కించాము. ఆమె కోలుకున్నారు. అయితే ఆ రాత్రే, ఆఫ్రికాలో సెలైన్ వేగంగా ఎక్కించిన పిల్లలే ఎక్కువగా మరణించారన్న పరిశోధన చదివాను. అప్పటి నుంచి నాకు స్థిమితం లేదు. ఈ 30 లెక్కకు ఆధారం ఎంత గట్టిది? మా దగ్గర ల్యాక్టేట్ (శరీర భాగాలకు రక్తప్రసరణ చాలనప్పుడు రక్తంలో పెరిగే పదార్థం) పరీక్ష కూడా లేదు.

జవాబు 1 (ఎమర్జెన్సీ వైద్యుడు):
2001లో డెట్రాయిట్‌లోని హెన్రీ ఫోర్డ్ ఆసుపత్రిలో రివర్స్ బృందం 263 మందిపై అధ్యయనం చేసింది. మెడ దగ్గరి పెద్ద సిరలో గొట్టం అమర్చి, ఒత్తిడినీ ఆక్సిజన్‌నూ కొలుస్తూ, దాన్ని బట్టి సెలైన్ ఎక్కిస్తూ తొలి ఆరు గంటలు చికిత్స చేసినవారిలో 30.5 శాతం, మామూలు చికిత్స పొందినవారిలో 46.5 శాతం మరణించారు. ఆ పద్ధతి ఎన్నో దేశాలకు పాకింది. కానీ 2014, 2015లలో వెలువడిన ప్రాసెస్, అరైజ్, ప్రామిస్ అనే మూడు పెద్ద అధ్యయనాల్లో ఆ కొలతల వల్ల మరణాలు తగ్గలేదు. దీన్ని బట్టి సెలైన్ అనవసరమని అనుకోకండి. వాటిలో చేరేలోపే రోగులకు సుమారు రెండు లీటర్లు ఎక్కింది కాబట్టి, తొలి మోతాదు మంచిదా కాదా అన్నది ఆ అధ్యయనాలు తేల్చలేదు. ఆధారం ఇంత పలచగా ఉన్నందువల్లనే సెప్సిస్ చికిత్సపై 2021 అంతర్జాతీయ మార్గదర్శకాలు ఈ 30 లెక్కను బలమైన సిఫారసు స్థాయి నుంచి దించాయి.

జవాబు 2 (పిల్లల వైద్యురాలు):
మీరు చదివినది ఫీస్ట్ అధ్యయనం. 2011లో కెన్యా, టాంజానియా, ఉగాండాలలోని 3,141 మంది పిల్లలపై ప్రచురితమైంది. బోలస్ (ఒకేసారి వేగంగా ఎక్కించే ద్రవం) ఇచ్చినవారిలో 48 గంటల్లో 10.5 శాతం, ఇవ్వనివారిలో 7.3 శాతం మరణించారు. ఊపిరితిత్తుల్లో నీరు చేరడమే కారణమని చాలామంది ఊహించారు గానీ, తరువాతి విశ్లేషణలో ఎక్కువ మరణాలు రక్తప్రసరణ కుప్పకూలడం వల్లనే జరిగాయని కనిపించింది. నన్ను ఇప్పటికీ కలవరపెట్టే విషయం అదే. ఆ పిల్లల్లో సగానికి పైగా మలేరియా ఉంది, తీవ్ర రక్తహీనత ఉన్నవారూ ఎందరో. విరేచనాలతో వచ్చినవారిని మాత్రం చేర్చుకోలేదు, కనుక నీళ్ల విరేచనాలతో శోషించిన పిల్లవాడికి సెలైన్ ఆపడానికి దీన్ని సాకుగా తీసుకోకూడదు. పెద్దవారిలోనూ 2017లో జాంబియా నుంచి ఇలాంటి ఫలితమే వచ్చింది: సెలైన్ ముందుగా, ఎక్కువగా ఇచ్చిన పద్ధతిలో 48.1 శాతం, మామూలు చికిత్సలో 33 శాతం మరణాలు. అక్కడి రోగుల్లో అత్యధికులకు హెచ్‌ఐవీ ఉంది, వెంటిలేటర్ల కొరతా ఉంది.

ప్రశ్న అడిగినవారు:
అయితే ల్యాక్టేట్ లేనిచోట ఎక్కడ ఆపాలో ఎలా తెలుస్తుంది?

జవాబు 1:
గాజు స్లైడుతో వేలి కొనను పది సెకన్లు నొక్కి వదలండి. రంగు తిరిగి రావడానికి మూడు సెకన్లు దాటితే ప్రసరణ చాలడం లేదన్నమాట. లాటిన్ అమెరికాలోని ఐదు దేశాల్లో 424 మందిపై జరిగి 2019లో వెలువడిన ఆండ్రోమెడా అధ్యయనంలో అరగంటకోసారి ఇలా చూస్తూ చికిత్స చేసినవారిలో మరణాలు 34.9 శాతం, ల్యాక్టేట్‌ను అనుసరించినవారిలో 43.4 శాతం. ఈ తేడా గణాంకపరంగా రూఢి కాలేదు గానీ, యంత్రం లేనిచోట నమ్మి వాడదగిన పరీక్ష ఇది. సెలైన్ ఒక్కసారిగా కాక కొద్దికొద్దిగా ఎక్కించి, ప్రతిసారీ వేలి రంగు, శ్వాస, ఊపిరితిత్తుల శబ్దం చూడండి. బీపీ నిలవకపోతే మరో సీసా తగిలించే ముందు నార్‌అడ్రినలిన్ (రక్తనాళాలను బిగించి బీపీ పెంచే మందు) గురించి ఆలోచించండి. పెద్ద సిరలో గొట్టం లేదని ఆగనక్కరలేదు. మోచేతి మడత దగ్గరి సిర ద్వారా కొద్ది గంటలు ఇవ్వవచ్చని 2021 మార్గదర్శకాలే చెబుతున్నాయి. సూది చుట్టూ చర్మం తెల్లబడుతోందేమో మాత్రం కనిపెట్టి ఉండాలి.