హైటెక్స్‌లో ఎలక్ట్రానిక్ లైవ్ షోకి ఐదుగురం వెళ్తున్నాం: ఎక్కడ నిలబడాలి, చెవులకేం చేయాలి?

దిల్‌సుఖ్‌నగర్_శ్రోత
డిసెంబర్‌లో హైదరాబాద్ హైటెక్స్ గ్రౌండ్‌లో ఓపెన్ ఎయిర్ షో. 4కి గేట్లు, మెయిన్ ఆర్టిస్టు 8:30కి, 10కి అయిపోతుంది. ముగ్గురికి ఇదే మొదటిసారి. ఇద్దరం దిల్‌సుఖ్‌నగర్ నుంచి, మిగతావాళ్లు సికింద్రాబాద్ నుంచి వస్తాం. మా దగ్గర ఉన్నవి మామూలు స్టాండింగ్ టికెట్లు. ఇంకొంత కట్టి ఫ్యాన్ పిట్ (స్టేజ్‌ ముందే ఉండే చోటు) తీసుకుంటే సౌండ్ బాగుంటుందా? ఇయర్‌ప్లగ్స్ పెట్టుకుంటే బేస్ (లోతైన శబ్దం) మజా పోతుందా? లోపల విడిపోతే మళ్లీ కలుసుకునేదెలా? పోస్టర్ మీద ‘లైవ్’ అని వేశారు, మామూలు డీజే సెట్‌కీ దానికీ తేడా ఏంటి?

కన్సోల్_పక్కన
ఆర్టిస్టుని దగ్గర్నుంచి చూడాలంటే ఫ్యాన్ పిట్ తీసుకోండి. సౌండ్ కోసమైతే ఆ డబ్బు పెట్టొద్దు. పైన వేలాడదీసే మెయిన్ స్పీకర్ల గురి చాలావరకు నడిమి, వెనక జనం మీదికే ఉంటుంది. బారికేడ్‌ని ఆనుకుని నిలబడితే కింద పెట్టిన సబ్‌వూఫర్లే (బేస్ మోగించే పెద్ద స్పీకర్లు, సబ్‌లు) ఛాతీ మీద బాదుతుంటాయి. ముందు వరసల కోసం చిన్న స్పీకర్లు పెట్టినా, కిక్ (బేస్ డ్రమ్ దెబ్బ) ముందు సింత్ (సింథసైజర్) లైన్లు సన్నబడతాయి.

మంచి చోటు సౌండ్ కన్సోల్ (శబ్దాలను కలిపి సర్దే బల్ల) టెంట్ ముందు, రెండు మూడు మీటర్ల దూరంలో. ఇంజనీర్ మిక్స్ సరిచూసుకునేది అక్కడి నుంచే. సరిగ్గా నడిమి గీత మీద మాత్రం వద్దు. సబ్‌లను స్టేజ్‌కి ఎడమా కుడీ రెండు గుట్టలుగా పేరిస్తే, రెండింటికీ సమాన దూరంలో ఉన్న ఆ గీత మీద బేస్ కలిసి ఉబ్బుతుంది. పక్కకి పోతే ఒకచోట ఒకదాన్నొకటి కొట్టేసుకుని పలచబడుతుంది. లెక్క ఇదీ: 60 హెర్ట్జ్ (సెకనుకి 60 కంపనాల) తరంగం పొడవు 5.7 మీటర్లు. మీకూ ఆ రెండు గుట్టలకూ మధ్య దూరాల తేడా అందులో సగం, అంటే 2.85 మీటర్లు ఉన్నచోట ఆ నోటు దాదాపు మాయమైపోతుంది. కాబట్టి బేస్ లేదనిపిస్తే సిస్టమ్ బాలేదని తీర్మానించకుండా నాలుగడుగులు పక్కకి జరిగి వినండి. సబ్‌లను స్టేజ్ పొడవునా ఒకే వరసలో పెడితే ఈ గొడవ చాలా తగ్గుతుంది.

మరీ వెనక్కి కూడా పోవద్దు. శబ్దం సెకనుకి సుమారు 343 మీటర్లే పోతుంది. 70 మీటర్ల దూరంలో 0.2 సెకను ఆలస్యం. 125 బీపీఎం (నిమిషానికి 125 బీట్లు) ఉన్న హౌస్ అనే డ్యాన్స్ మ్యూజిక్ ట్రాక్‌లో ఒక్కో బీట్ 0.48 సెకను, అంటే దాదాపు అర బీట్ వెనకబడతారు. స్టేజ్ మీద చెయ్యీ, చెవిలో కిక్కూ కలవవు.

చెవి_ముఖ్యం
ప్లగ్స్ ఐదుగురూ పెట్టుకోండి, ఇందులో రాజీ వద్దు. అమెరికా వృత్తి భద్రతా సంస్థ నియోష్ లెక్కలో 85 డెసిబెల్స్‌కి రోజుకి 8 గంటలు హద్దు. ఆపైన ప్రతి 3 డెసిబెల్స్‌కీ సమయం సగమవుతుంది. 94 దగ్గర గంట, 100 దగ్గర 15 నిమిషాలే. మీరుండేది ఆరు గంటలు.

బేస్ పోదు. అది ఒంటికి తగులుతుంది, చెవి మూసినా ఆగదు. ఫోమ్ ప్లగ్‌లతో పోయేది హైహ్యాట్ల (డ్రమ్స్‌లోని జంట తాళాల) మెరుపు, ఎందుకంటే అవి పై స్థాయి శబ్దాలను ఎక్కువగా తగ్గిస్తాయి. మ్యూజిక్ కోసం చేసిన ఫిల్టర్ ప్లగ్‌లు అన్నింటినీ ఇంచుమించు సమానంగా 15 నుంచి 20 డెసిబెల్స్ తగ్గిస్తాయి, దొరికితే అవే కొనండి. ఫోమ్‌వి రాణిగంజ్‌లో సేఫ్టీ సామాను అమ్మే దుకాణాల్లో చూడండి.

ఫోమ్ పెట్టే పద్ధతిలోనే చాలామంది తప్పు చేస్తారు. ముడతలు లేకుండా సన్నగా నలపాలి. రెండో చేతిని తల వెనక నుంచి తెచ్చి చెవిని పైకీ వెనక్కీ లాగాలి, అప్పుడు లోపలి దారి తిన్నగా అవుతుంది. దోపి, ఉబ్బేదాకా 30 సెకన్లు వేలితో పట్టుకోవాలి. సగం బయటికి కనిపిస్తుంటే పని చేయనట్టే. గేటు లోపల దుమ్ము చేతులతో కాదు, బయల్దేరే ముందు ఇంట్లో ఒకసారి అలవాటు చేసుకోండి.

మీలో ఎవరికైనా మూర్ఛ ఉంటే స్ట్రోబ్ (టపటపా మెరిసి ఆరే) లైట్ల సంగతి ముందే మాట్లాడుకోండి. సెకనుకి 3 నుంచి 30 సార్లు కొట్టే వెలుగు ప్రమాదం. అలాంటప్పుడు ఒక కన్ను అరచేత్తో పూర్తిగా మూసి, అటు నుంచి తిరిగిపోవాలి. రెండు కళ్లూ మూసుకుంటే సరిపోదు, రెప్పల్లోంచి కూడా వెలుగు దూరుతుంది.

రాయదుర్గం_లైన్
సికింద్రాబాద్ వాళ్లకి మెట్రో బ్లూ లైన్ నేరుగా హైటెక్ సిటీ దాకా ఉంది. మీరిద్దరూ రెడ్ లైన్‌లో వచ్చి అమీర్‌పేటలో మారండి. హైటెక్ సిటీ నుంచి హైటెక్స్‌కి రెండు మూడు కిలోమీటర్లు, ఆటో చాలు. తిరుగు ప్రయాణంలో హైటెక్ సిటీ నుంచి ఆఖరి రైలు దొరికితే సరిపోదు, అమీర్‌పేటలో దిల్‌సుఖ్‌నగర్ మీదుగా పోయే ఎల్‌బీ నగర్ రైలు కూడా అందాలి. ఆ రోజు రెండు టైములూ చూసుకోండి. రాత్రి 10 తర్వాత ఓపెన్ ఎయిర్‌లో లౌడ్‌స్పీకర్లు వాడకూడదు కాబట్టి షో గీత గీసినట్టు ఆగిపోతుంది, జనమంతా ఒకేసారి బయటపడతారు. గేటు ముందు క్యాబ్ బుక్ చేయకండి, హైటెక్స్ కమాన్ దాకా నడిచి అక్కడ చేయండి.

వేల ఫోన్లు ఒకే టవర్ మీద పడితే డేటా ఆగిపోతుంది, లైవ్ లొకేషన్ అక్కరకు రాదు. ఎస్సెమ్మెస్ కొంత నయం. లోపలికి వెళ్లగానే కదలని గుర్తు ఒకటి, ఉదాహరణకి వాటర్ పాయింట్ పక్కన లైట్ స్తంభం, అనుకోండి. విడిపోతే ప్రతి గంటకీ, అంటే సరిగ్గా 7కి, 8కి, 9కి, అక్కడికే రావాలి. ఐదు టికెట్లూ ఒకరి ఫోన్‌లో ఉంచుకోవద్దు, ఎవరిది వాళ్లకి పంపేయండి. కొన్ని యాప్‌లలో క్యూఆర్ మారుతూ ఉంటుంది, స్క్రీన్‌షాట్ పనికిరాదు. యూపీఐ ఆగిపోతుంది కాబట్టి కాస్త నగదు ఉంచుకోండి.

మాడ్యులర్
డీజే సెట్ అంటే తయారైన ట్రాక్‌లను ఎంచి, కలిపి, వరస నడిపించడం. లైవ్ అంటే డ్రమ్ మెషీన్, సీక్వెన్సర్ (నోట్లను వరసగా వాయించే యంత్రం), సింత్ మీద ఆ ట్రాక్‌నే అక్కడికక్కడ కట్టడం, విప్పడం. కొందరు ల్యాప్‌టాప్‌లో క్లిప్‌లతో చేస్తారు, అదీ లైవే. ఒక ఆనవాలు: ఒకే నాలుగు బార్ల (తాళపు ఆవర్తాల) లూప్ నిమిషాల తరబడి తిరుగుతుంటే ఫిల్టర్ తెరుచుకోవడం (మూగగా ఉన్న సౌండ్ మెల్లగా విచ్చుకోవడం), ఒక్కో డ్రమ్ చేరడం వినండి. డ్రాప్ (బీటంతా ఒక్కసారిగా విరుచుకుపడే ఘట్టం) కోసమే ఎదురుచూస్తే ఆ పని మొత్తం చెవి దాటిపోతుంది.

దిల్‌సుఖ్‌నగర్_శ్రోత
అందరికీ థ్యాంక్స్. ప్లగ్స్ పెట్టుకుని ఒకరితో ఒకరం మాట్లాడేదెలా?

చెవి_ముఖ్యం
తీయకండి. చెవులు మూసుకున్నప్పుడు మన గొంతు మనకే పెద్దగా వినిపించి తెలీకుండా తగ్గించేస్తాం, ఎదుటివాళ్లకి అందకపోయేది అందుకే. చెవికి దగ్గరగా వచ్చి మామూలు కంటే కొంచెం గట్టిగా, పొట్టి మాటల్లో చెప్పండి. అరవొద్దు, ప్లగ్ లేని చెవిలో అరుపు కూడా స్పీకర్ లాగే దెబ్బ తీస్తుంది.