అమ్మ శ్రద్ధాంజలి ప్రకటనలో ఏం రాయాలి?

పొందూరు పిల్ల:
అందరికీ నమస్కారం. మా అమ్మ పోయి ఇంకా వారం కాలేదు. వచ్చే శనివారం పెద్దకర్మ. కార్డులు కొట్టించాలి, పేపరు జిల్లా ఎడిషన్‌లో చిన్న ప్రకటన వేయించాలి, రాసే పని నా మీద పడింది. శ్రీకాకుళంలో డీటీపీ షాపాయన వాట్సాప్‌లో ఒక నమూనా పంపాడు, "మాతృమూర్తి, త్యాగమూర్తి, మమ్మల్ని శోకసముద్రంలో ముంచి..." అంటూ. పేరు మారిస్తే ఎవరికైనా సరిపోతుంది. అమ్మ పెళ్లికి ముందు నుంచీ రాట్నం మీద నూలు వడికింది, చూపు ఆనినంత కాలం. అది రాద్దామంటే అన్నయ్య "కూలికి వడికిందని పేపర్లో వేస్తావా, గృహిణి అని రాసెయ్" అంటున్నాడు. ఇంకో తలనొప్పి, చిన్నక్క వేరే కులం అబ్బాయిని చేసుకుంది, ఆ బావ పేరు కార్డు మీద ఉంటే పెదనాన్న రానంటున్నారు. ఏం చెయ్యమంటారు?

నెల్లిమర్ల బాబాయ్:
ముందు కాస్త మనసు కుదుటపరుచుకో తల్లీ. పొందూరు సన్నఖద్దరు కట్టుకున్నవాళ్లు పదిమందిలో గొప్పగా చెప్పుకుంటారు, ఆ నూలు తీసినావిడ కొడుక్కి నామోషీ ఏంటి? వలుగ చేప దవడతో పత్తి దువ్వి, ఏకులు చుట్టి, 100 నంబరు నూలు, అంత సన్నటి దారం తీయడం అందరి వల్లా అయ్యే పనా? ఏ వీధిలో కూర్చుని వడికేది, ఎవరెవరికి నేర్పింది, అదొక్క వాక్యం రాయి. మూర్తులన్నీ కొట్టెయ్. మా నాన్న పోయినప్పుడు జూట్ మిల్లులో ఏ షిఫ్టులో చేసేవారో కూడా వేశాం, పేపరు చూసి ఆ షిఫ్టు వాళ్లు ఎక్కడెక్కడి నుంచో వచ్చారు.

విజయనగరం డీటీపీ:
పేపర్లో సైజుని బట్టి, చదరపు సెంటీమీటరు లెక్కన తీసుకుంటారు, అంటే శోకసముద్రానికి కూడా డబ్బు కడుతున్నట్టే. అక్కడ క్లుప్తంగా ఇచ్చి, మిగతాది కార్డు మీద వేసుకోండి. ఇంకో మాట, మీరు ఫోన్లో టైపు చేసి పంపింది చాలా షాపుల్లో వాడే "అను" అనే పాత రకం తెలుగు ఫాంట్‌లోకి నేరుగా రాదు, మళ్లీ మొదటి నుంచీ కొట్టాల్సిందే, తప్పులు అక్కడే దొర్లుతాయి. ప్రూఫు ఫోన్లో చూసి ఓకే అనేయకండి. ప్రింటు తీయించి, ఇంటిపేర్లు, తేదీ, వారం, కర్మ జరిగే చోటు ఇంకెవరిచేతనైనా పైకి చదివించండి. తేదీకీ వారానికీ పొంతన లేని కార్డులు ఎన్ని చూశానో! పేపరు వాళ్లు మరణ ధ్రువపత్రమో, ప్రకటన ఇచ్చేవాళ్ల ఆధారో అడుగుతారు. 21 రోజుల్లోపు ఎలాగూ నమోదు చేయించాలి కాబట్టి మీ ఊరి సచివాలయంలో ఆ పని ముందు కానివ్వండి. అమ్మగారి పుట్టినతేదీ ప్రకటనలో వద్దు, వయసు చాలు.

టెక్కలి కుర్రాడు:
గొడవెందుకండీ, పేర్లన్నీ తీసేసి "కుటుంబ సభ్యులు" అని వేసేయండి.

రాజాం పెద్దమ్మ:
అలా వేస్తే కార్డు అందుకున్నవాళ్లకి ఎవరింటిదో తెలియొద్దూ? కొడుకులు కోడళ్లు, కూతుళ్లు అల్లుళ్లు, పుట్టిన వరసలో వేసెయ్ అమ్మా, ఎవరినీ అడక్కు. అడిగితే పదిమంది పది చెబుతారు. అయినా మీ అమ్మ బతికుండగా చిన్నదాని ఇంటికి రాకపోకలు ఉన్నాయా?

పొందూరు పిల్ల:
ఉండకేం పెద్దమ్మా! ఏటా పలాస వెళ్లి చిన్నక్క దగ్గర కొన్నాళ్లుండి వచ్చేది. వస్తూ జీడిపప్పు తెచ్చి పెదనాన్నకి ఇచ్చేది, బావ కొన్నదని తెలిసే ఆయన తినేవారు. అన్నయ్యకి ఇదంతా చదివి వినిపించాను, ఏమీ అనలేదు. ఇలా రాశాను, చూడండి: "పొందూరులో చిన్ననాటి నుంచి సన్ననూలు వడికి, మా వీధి ఆడపిల్లలకు రాట్నం నేర్పి, ఆ సంపాదనతో మా నలుగురినీ చదివించిన మా అమ్మ..." కింద అందరి పేర్లూ వరసలో, బావ పేరుతో సహా.

రాజాం పెద్దమ్మ:
బాగుంది. మీ పెదనాన్నకి కార్డు అన్నయ్య చేతే ఇప్పించు, పోస్టులో పంపొద్దు.

విజయనగరం డీటీపీ:
"మా నలుగురినీ" ముందు "పిల్లలమైన" అని చేర్చండి. ఫొటో మాత్రం వాట్సాప్‌లో మామూలుగా పంపకండి, మసకైపోతుంది, డాక్యుమెంట్‌గా పెట్టండి.