వానాగన్ హైవే మీద నీరసిస్తోంది: కెపాసిటర్ తగిలిస్తే రోగం పోతుందా, దాగుతుందా?

పాప్‌టాప్_ఫ్రీమాంట్
బండి 1987 ఫోక్స్‌వ్యాగన్ వానాగన్, వెస్ట్‌ఫాలియా క్యాంపర్. 2.1 లీటర్ వాటర్‌బాక్సర్ (నీటితో చల్లబడే) ఇంజన్, మాన్యువల్ గేర్లు. ఊళ్లో తిప్పినంతసేపూ బంగారం. లివర్‌మోర్ గుడి దాటి, ఆల్టమాంట్ కనుమ ఎక్కి దిగి, ఐ-5 మీద లాస్ ఏంజెలెస్ వైపు 60 మైళ్ల వేగంలో గంటో గంటన్నరో ఒకే తీరుగా పోయాక మొదలవుతుంది. ముందు చిన్న కుదుపు. తర్వాత యాక్సిలరేటర్ తొక్కేకొద్దీ ఇంకా గింజుకుంటుంది తప్ప ముందుకు లాగదు. వేగం 35కి పడిపోతుంది, వెనక ట్రక్కుల హారన్లు మొదలు. పక్కకు తీసి, ఆపి, మళ్లీ తాళం తిప్పితే ఏమీ జరగనట్టు పోతుంది. పిల్లలు వెనక సీట్లో ఉంటే ఎంత టెన్షనో చెప్పక్కర్లేదు.

గ్యారేజీలో వాళ్ల ముందు మాత్రం ఒక్కసారీ కుదపదు. ఎయిర్ ఫ్లో మీటర్ (ఇంజన్ పీల్చే గాలిని కొలిచేది), ఈసీయూ (ఇంజన్ కంప్యూటర్) రెండూ మార్చేద్దాం అంటున్నారు. ఫ్రెండ్ ఒకడేమో కెపాసిటర్ ఉన్న చిన్న వైరు ముక్క దొరుకుతుంది, తగిలిస్తే అయిపోతుంది అంటున్నాడు. ఎవరి మాట వినాలి?

బాక్సర్‌బాబాయ్
మీ ఫ్రెండ్ మాటే వినండి. ఈ జబ్బుకి పేరు కూడా ఉంది, వానాగన్ సిండ్రోమ్ అంటారు. 1986 నుంచి 1991 దాకా అమెరికాలో అమ్మిన 2.1 ఇంజన్లకి డిజిఫాంట్ అనే పెట్రోల్ ఇంజెక్షన్ ఉంటుంది. దాని ఎయిర్ ఫ్లో మీటర్‌లో ఒక రెక్క, ఇంజన్ పీల్చే గాలిని బట్టి తెరుచుకుంటుంది. రెక్కతో పాటు ఒక సన్నటి లోహపు వేలు కార్బన్ పట్టీ మీద జరుగుతూ ఈసీయూకి వోల్టేజీ పంపుతుంది. ఒకే వేగంలో గంటలు పోతే ఆ వేలు ఒకే చోట అటూ ఇటూ వణుకుతూ ఉంటుంది. సిగ్నల్ తెగి తెగి వస్తే పెట్రోల్ ఎంత పోయాలో ఈసీయూకి అర్థం కాదు. కంపెనీయే దీనికి రిపేరు బులెటిన్ ఇచ్చి, కెపాసిటర్ హార్నెస్ తెచ్చింది, మీ ఫ్రెండ్ చెప్పిన వైరు ముక్క అదే. మీటర్‌కీ కనెక్టర్‌కీ మధ్య పెట్టడమే, ఐదు నిమిషాల పని. దీనికి ఈసీయూ మార్చడమేంటి!

స్కోప్_సియాటెల్
బాబాయ్ గారూ, బులెటిన్ మాట నిజమే. కానీ కెపాసిటర్ చేసేది సిగ్నల్ తెగిన చోట్లని కనబడకుండా నునుపు చేయడం. పట్టీ అరిగింది అరిగినట్టే ఉంటుంది. ఇంకొంచెం అరిగాక కుదుపు మళ్లీ వస్తుంది, ఈసారి కెపాసిటర్ ఉండి కూడా వస్తుంది. అప్పుడు పట్టుకోవడం ఇంకా కష్టం. అసలు తప్పు ఆ మీటర్‌దే అని ఇక్కడ ఎవరు కొలిచారు?

ఆటోనగర్_బెజవాడ
అండీ, ఈ బండి మా షెడ్డుకి ఎప్పుడూ రాలేదు. అయినా ఒకటి అడుగుతాను. లాగడం ఆగిన క్షణంలో ఆర్పీఎం ముల్లు ఏం చేస్తోంది? బండి గేర్లోనే దొర్లుతుండగా ముల్లు టక్కున సున్నాకి పడితే స్పార్క్ పోయినట్టు. డిస్ట్రిబ్యూటర్‌లో హాల్ సెన్సర్ (స్పార్క్ ఎప్పుడు పడాలో చెప్పేది), కాయిల్ వైరు, ఇగ్నిషన్ స్విచ్ చూడాలి. ముల్లు వేగంతో పాటే మెల్లగా దిగితే స్పార్క్ ఉన్నట్టే, అప్పుడు పెట్రోల్ సంగతో, గాలి సంగతో, పొగ గొట్టం సంగతో చూడండి. ఈ ఒక్క ముక్కతో సగం అనుమానాలు తీరిపోతాయి. ఇంకోటి, ఆగిన వెంటనే పెట్రోల్ ట్యాంకు మూత తీయండి. బుస్సుమని గాలి గట్టిగా లోపలికి లాక్కుంటే ట్యాంకుకి ఊపిరాడటం లేదన్నమాట.

పాప్‌టాప్_ఫ్రీమాంట్
నా డాష్‌బోర్డులో ఆర్పీఎం ముల్లు ఉండాల్సిన చోట పెద్ద గడియారం ఉందండీ! టైము మాత్రం కరెక్టుగా చూపిస్తుంది. మూత తీస్తే శబ్దం ఏమీ రాలేదు.

ఆటోనగర్_బెజవాడ
అయితే స్పార్క్ పడినప్పుడల్లా వెలిగే టైమింగ్ లైట్ క్లిప్పు కాయిల్ వైరుకి తగిలించండి, లైటు వెనక సీటు దాకా వస్తుంది. కుదిపినప్పుడు ఇంట్లోవాళ్లు చూసి చెబుతారు, వెలుగుతోందా ఆగిందా అని. మీరు మాత్రం రోడ్డు మీద నుంచి చూపు తిప్పొద్దు.

క్యాంపర్‌అక్క_పోర్ట్‌లాండ్
అందరూ కరెంటు వెంటే పడ్డారు, సైలెన్సర్ని ఎవరూ పట్టించుకోలేదు. నా 1988 వానాగన్‌కి అచ్చం ఇవే లక్షణాలు. పొగని శుభ్రం చేసే కాటలిటిక్ కన్వర్టర్ లోపల తేనెపట్టులా ఉండే పింగాణీ విరిగి, ముక్కలు వెనక సైలెన్సర్‌లోకి కొట్టుకుపోయాయి. హైవే మీద పొగ జోరుకి అవి వెళ్లి బయటి గొట్టానికి అడ్డం పడేవి. బండి ఆపగానే కిందకి రాలిపోయేవి. మళ్లీ స్టార్ట్ చేస్తే ఏమీ జరగనట్టే! చల్లగా ఉన్నప్పుడు రబ్బరు సుత్తితో తట్టి చూడండి, గలగలమంటే దొరికినట్టే. శబ్దం లేకపోయినా పొగ గొట్టంలోని ఆక్సిజన్ సెన్సర్ విప్పి ఆ రంధ్రంలో ప్రెషర్ గేజ్ పెట్టండి. 2500 ఆర్పీఎం దగ్గర 3 పీఎస్‌ఐ దాటితే దారి మూసుకుపోతోందని అర్థం.

బాక్సర్‌బాబాయ్
అలాంటిది తేలితే లోపలి పింగాణీ మొత్తం పొడిచి తీసేస్తే సరి.

క్యాంపర్‌అక్క_పోర్ట్‌లాండ్
ఆయన ఉండేది కాలిఫోర్నియా అండీ. అక్కడ ఈ వయసు పెట్రోల్ బళ్లకి రెండేళ్లకోసారి స్మాగ్ చెక్, అంటే పొగ పరీక్ష తప్పదు. కన్వర్టర్ ఖాళీ చేసుకుని వెళ్తే రిజిస్ట్రేషన్ దగ్గరే ఆగిపోతారు.

స్కోప్_సియాటెల్
అక్క చెప్పింది చాలా ముఖ్యం. ఇప్పటిదాకా మనమంతా "తాళం తిప్పితే బాగవుతుంది" అనే మాట మీద నడుస్తున్నాం. కానీ ఆయన ఒకేసారి రెండు పనులు చేస్తున్నారు: బండి ఆపుతున్నారు, తాళం కూడా తిప్పుతున్నారు. వేటితో బాగవుతోంది? ఈసారి కుదిపితే ఎగ్జిట్ తీసుకుని, ఎక్కడైనా ఖాళీ స్థలంలో ఆపండి, కానీ ఇంజన్ ఆపొద్దు. న్యూట్రల్‌లో పెట్టి కాస్త రేజ్ చేయండి. శుభ్రంగా రేజ్ అయితే అక్క చెప్పిన అడ్డమే ఎక్కువ అనుమానం. ఆగి ఉన్నా అలాగే గింజుకుంటూ, తాళం తిప్పాకే బాగైతే ఈసీయూకి వెళ్లే సిగ్నళ్లలో తేడా ఉంది.

అప్పుడు కూడా ఎయిర్ ఫ్లో మీటర్ ఒక్కటే అనుకోవద్దు. కూలెంట్ టెంపరేచర్ సెన్సర్, అదే టెంప్-2 అంటారే, 20 డిగ్రీల దగ్గర రెండు రెండున్నర వేల ఓములు, 80 దగ్గర మూడు వందల చిల్లర చూపాలి. ఇంజన్‌కి బిగించిన గోధుమ రంగు ఎర్త్ వైర్లు విప్పి, తుప్పు గీకి, మళ్లీ బిగించండి. దీనికి పైసా ఖర్చు లేదు. రెగ్యులేటర్ వాక్యూమ్ గొట్టం తీసి చూస్తే పెట్రోల్ ప్రెషర్ 2.5 బార్ ఉండాలి. నడుస్తుండగా చూడాలంటే ఎలక్ట్రిక్ సెండర్ పెట్టుకోండి, పెట్రోల్ గొట్టాన్ని మాత్రం క్యాబిన్‌లోకి తేవద్దు.

పాప్‌టాప్_ఫ్రీమాంట్
మొన్న శాంటా నెల్లా దగ్గర వచ్చింది. ఎగ్జిట్ తీసుకుని పెట్రోల్ బంకు వెనక ఆపాను, ఇంజన్ ఆపలేదు. లైటు వెలుగుతూనే ఉందని మా ఆవిడ చెప్పింది. రేజ్ చేస్తే అదే గింజులాట, వెనక పచ్చి పెట్రోల్ వాసన. తాళం తిప్పగానే మామూలే. ఇంటికొచ్చి సుత్తితో తట్టాను, గలగల లేదు. ఎర్త్ వైర్లు శుభ్రం చేశాను, టెంప్-2 మీరు చెప్పిన అంకెల్లోనే ఉంది. ఎయిర్ ఫ్లో మీటర్‌కి పాత ముల్లు వోల్ట్‌మీటర్ తగిలించి, రెక్కని వేలితో మెల్లగా తోశాను. మూడో వంతు తెరుచుకున్న చోట ముల్లు ఒక్కసారి కిందకి తుళ్లి లేచింది. ఎయిర్ ఫ్లో మీటర్ మీద నల్లమూత సిలికాన్ కోసి తీస్తే, కార్బన్ పట్టీ మీద సరిగ్గా అక్కడే మెరుపు గీత.

బాక్సర్‌బాబాయ్
మొదటి రోజే చెప్పలేదూ!

స్కోప్_సియాటెల్
మీటర్ అని మీరే చెప్పారు, ఒప్పుకుంటాను. కెపాసిటర్ దగ్గరే తకరారు. గీత కంటికి కనబడుతోంది కదా, దాని మీద దుప్పటి కప్పడం ఎందుకు? ఆ పట్టీ ఉన్న బోర్డు స్క్రూలు వదులు చేసి, పాత చోటు సూదితో గుర్తు పెట్టుకుని, లోహపు వేలు అరగని కార్బన్ మీద నడిచేలా వెంట్రుకవాసి జరపండి. లోపలి పళ్ల చక్రం జోలికి మాత్రం పోవద్దు. దాన్ని కదిపితే స్ప్రింగు బిగువు మారి, పెట్రోల్ లెక్క మొత్తం తప్పుతుంది.

బాక్సర్‌బాబాయ్
జరపడం వచ్చినవాళ్లు జరుపుతారు. చెయ్యి జారితే కొత్త మీటర్ ఎక్కడ దొరుకుతుంది? సెకండ్ హ్యాండ్‌ది కొంటే దాని పట్టీ కూడా ఇదే వయసుది. నేనైతే రెండూ చేసి బయల్దేరతాను.

స్కోప్_సియాటెల్
రెండూ చేస్తే దేనివల్ల తగ్గిందో ఎప్పటికీ తెలియదు.

బాక్సర్‌బాబాయ్
తెలియకపోతే ఏమైంది, పిల్లలతో ఇంటికి చేరతాడు కదా.

పాప్‌టాప్_ఫ్రీమాంట్
పట్టీ జరిపాను. హార్నెస్ తగిలించలేదు, గ్లవ్ బాక్సులో పెట్టాను. వచ్చే వారం లాస్ ఏంజెలెస్ వెళ్తున్నాం. గ్రేప్‌వైన్ కనుమ ఎక్కేలోపు కుదిపితే అక్కడే ఆపి తగిలిస్తాను.

క్యాంపర్‌అక్క_పోర్ట్‌లాండ్
అలాగైతే వెనక ఇంజన్ మూత మీద సామాను పేర్చొద్దు, రోడ్డు పక్కన అంతా దింపాల్సి వస్తుంది. ఆ మీటర్ కనెక్టర్‌కి సన్నటి తీగ క్లిప్పు ఉంటుంది, లాగితే ఎగిరి ఇంజన్ సందుల్లో పడుతుంది. చిన్న స్క్రూడ్రైవర్‌తో ఒక పక్కే లేపండి. ఓ అయస్కాంతం కూడా దగ్గర పెట్టుకోండి.