మాసి మగం నాడు మామల్లపురం వెళ్లి ఇరుళర్ల ఫొటోలు తీయడం సబబేనా?

వేళచ్చేరి కెమెరా:
మిత్రులారా, తమిళుల మాసి నెలలో మఖ నక్షత్రంతో కూడి వచ్చే పౌర్ణమికి (అదే మాసి మగం) ఇరుళర్లనే గిరిజనులు ఏటా మామల్లపురం సముద్రతీరానికి చేరుకుంటారు. చెంగల్పట్టు, కాంచీపురం, తిరువళ్లూరు, విళుప్పురం జిల్లాల నుంచి వేలమంది పిల్లాపాపలతో వచ్చి, కర్రలకు చీరలు కట్టి గుడారాలు వేసుకుని, రాత్రంతా ఒడ్డునే గడిపి, తెల్లవారుజామున తమ కులదైవమైన కన్నియమ్మను కొలుస్తారు. పెళ్లిళ్లు కూడా అక్కడే చేసుకుంటారు. ఈసారి మన తెలుగు ఛాయాగ్రాహకులం ఒక వ్యాను మాట్లాడుకుని వెళ్దామని నా ప్రతిపాదన. గతంలో కొందరు అభ్యంతరం చెప్పారు కనుక ముందుగానే ఇక్కడ చర్చకు పెడుతున్నాను.

మైలాపూరు పాఠకురాలు:
నా అభ్యంతరం ఇప్పటికీ అలాగే ఉందండీ. మా అమ్మ పోయిన పదోరోజున మా నాన్నగారు సముద్రం ఒడ్డున తడిపంచెతో పిండాలు పెడుతుంటే ఎవరో దూరం నుంచి ఫొటో తీశారు. ఏడాది తర్వాత అది ఒక ప్రదర్శనలో ‘విశ్వాసం’ అనే పేరుతో గోడకు వేలాడుతుండగా మా బంధువులు చూసి చెప్పారు. ఆ మాట విన్నాక ఆయన మళ్లీ ఆ ఒడ్డుకు వెళ్లలేదు. మన దుఃఖమైనా, వాళ్ల పెళ్లయినా, ఎదుటివాడు చూడదగ్గ దృశ్యంగా మారిపోవడానికి ఒక్క క్షణం చాలు.

అంబత్తూరు88:
బీచి ప్రభుత్వానిది. ఎవరైనా వెళ్లవచ్చు, ఎవరైనా ఫొటో తీసుకోవచ్చు.

వేళచ్చేరి కెమెరా:
మీ నాన్నగారి విషయంలో జరిగింది తప్పే, కాదనను. కానీ అది ఒక కుటుంబం ఏకాంతంగా చేసుకునే కర్మ. ఇది వేలమంది బహిరంగంగా జరుపుకునే ఉత్సవం. పక్కనే ఉన్న తీరాలయం 1984లో ప్రపంచ వారసత్వ జాబితాలోకి ఎక్కింది, దాన్ని చూడటానికి ఏడాది పొడుగునా జనం వస్తూనే ఉంటారు. రాజులు కట్టించిన రాతిని లక్షలమంది ఫొటోలు తీస్తుంటే లేని అభ్యంతరం, బతికి ఉన్న ఒక జాతి సంప్రదాయాన్ని పదిలపరుస్తామంటే ఎందుకు వస్తోంది?

మైలాపూరు పాఠకురాలు:
రాతికి సిగ్గూ బిడియమూ ఉండవు కనుక.

విశ్రాంత ఉపాధ్యాయుడు, తిరుప్పోరూరు:
ఇరుళర్ల పిల్లలకు చాలాకాలం పాఠాలు చెప్పినవాణ్ణి కనుక కొంచెం వివరంగా రాస్తాను. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక పాము చర్మాల వ్యాపారం ఆగిపోయి వీళ్ల జీవనాధారం పోయింది. 1978లో పాముల నిపుణుడు రోములస్ విటేకర్ చొరవతో ఏర్పడిన పాములు పట్టేవారి సహకార సంఘం కొందరిని ఆదుకుంది. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర, ఈ నాలుగింటి విషం విరుగుడు మందుల తయారీకి అక్కడి నుంచే వెళ్తుంది. 2023లో పాములు పట్టే ఇరుళర్లు వడివేల్ గోపాల్, మాసి సడయన్‌లకు పద్మశ్రీ వచ్చింది. అయినా సంఘంలో చోటు దొరికినవారు కొద్దిమందే. తక్కినవాళ్లలో అనేకులు అడ్వాన్సు పేరిట ఇటుకబట్టీల్లో, బియ్యం మిల్లుల్లో చిక్కుకుపోయారు. వెట్టిచాకిరీ నిషేధ చట్టం 1976లోనే వచ్చిందన్న సంగతి వాళ్లకు చెప్పేవాళ్లు లేరు. నా దగ్గర పన్నెండో తరగతి పూర్తి చేసిన పిల్లలు గిరిజన ధ్రువపత్రం కోసం తిరిగి తిరిగి చివరికి కూలికి వెళ్లిపోయారు. మీరు కెమెరా గురించి పోట్లాడుకుంటున్నారు, నాకేమో ఆ పిల్లల ముఖాలు గుర్తుకొస్తున్నాయి.

వేళచ్చేరి కెమెరా:
మాస్టారూ, నేను చెప్పేదీ అదేనండీ. లోకం కంటపడని జాతి గోడు ఏ కార్యాలయంలోనూ వినరు. అభ్యంతరం చెబుతున్న మైలాపూరు వారు ఆ ఒడ్డున ఒక్కసారైనా అడుగుపెట్టారా అని అడుగుతున్నాను. ఇంట్లో కూర్చుని నీతులు చెప్పడం తేలిక.

మైలాపూరు పాఠకురాలు:
వెళ్లాను. అలిగి సముద్రంలోకి వెళ్లిపోయిన అమ్మవారిని తిరిగి రమ్మని వేడుకోవడానికి వాళ్లు వస్తారని తెలుసుకున్నదీ అక్కడే. ఒక పెద్దాయన తడి ఇసుకను అరచేత్తో అదిమి ఏడు మెట్లు కట్టి, ఒక్కో మెట్టు మీద పసుపు, పూలు పెడుతున్నాడు. పెద్ద లెన్సు పట్టుకున్న మనిషి ఒకడు చోటు కోసం వెనక్కి జరుగుతూ కింది రెండు మెట్లూ తొక్కేశాడు. పెద్దాయన పల్లెత్తు మాట అనలేదు. వంగి, ఆ పూలు ఏరి పక్కన పెట్టి, మళ్లీ ఇసుక అదమడం మొదలుపెట్టాడు. ఆయన మౌనాన్ని ఆ మనిషి అనుమతి అనుకుని మరో నాలుగు ఫొటోలు తీసుకున్నాడు. మీది నెల్లూరు జిల్లా అని ఇదివరకు మీరే రాశారు. మీ ఊళ్లో యానాదులు ఉండే ఉంటారు. వాళ్ల పండుగకు ఎన్నడైనా వెళ్లారా? సొంత ఊరి వాళ్లు కంటికి ఆనలేదు గానీ, పరాయి ఊరి వాళ్లు ప్రాచీన జాతిగా కనిపిస్తున్నారా?

కోడంబాక్కం తెలుగు:
అమ్మా, వ్యక్తిగత విషయాల జోలికి వెళ్లకుండా మాట్లాడుకుందాం.

వేళచ్చేరి కెమెరా:
వెళ్లనివ్వండి, జవాబు చెబుతాను. మా పొలానికి కాపలా ఉన్న యానాది తాత చేతుల మీదుగా నేను పెరిగాను. మా ఇంట్లో అటకనిండా ఆల్బములున్నాయి, మా ఎద్దుల జతకు కూడా ఫొటో ఉంది, ఆయనది ఒక్కటీ లేదు. ఆయన పోయాక మనవడు వచ్చి, తాత ముఖం చూపించడానికి ఏదైనా ఉందా అని మా నాన్నను అడిగాడు. లేదని చెప్పడం నేను విన్నాను. నేను కెమెరా పట్టింది ఆ తర్వాతే. ప్రాచీన జాతి అంటూ వేలం వేయడానికి బయలుదేరుతున్నానని మీరు అనడం నన్ను చాలా బాధించింది.

మైలాపూరు పాఠకురాలు:
బాధపెట్టినందుకు విచారిస్తున్నాను, కానీ నా ప్రశ్న ఇప్పుడే సూటిగా అడగగలుగుతున్నాను. ఆ మనవడు అడిగింది తన తాత ఫొటో, తన ఇంట్లో పెట్టుకోవడానికి. మీ బృందం తీసే ఫొటోలు ఆ గుడారాల్లోని వాళ్ల ఇళ్లకు చేరతాయా, లేక మన ప్రదర్శనలకూ పోటీలకూ వెళ్తాయా? ఫొటో తీయాలా వద్దా అని ఇంతసేపూ వాదించుకున్నాం. అసలు ఆ ఫొటో ఎవరిదో తేల్చుకోలేదు.

విశ్రాంత ఉపాధ్యాయుడు, తిరుప్పోరూరు:
ఇది సరైన ప్రశ్న. పెళ్లి చేసుకుంటున్న జంటల్లో చాలామందికి పెళ్లి ఫొటోయే ఉండదు. ముందుగా వాళ్ల పల్లెలకు వెళ్లి మాట్లాడి, అడిగినవాళ్లకే తీసి, ప్రింట్లు వేయించి ఇస్తానంటే దారి చూపించడానికి నేను వస్తాను.

అంబత్తూరు88:
వేలమందిని ఒక్కొక్కరిగా అనుమతి అడుగుతూ కూర్చుంటే తెల్లవారిపోతుంది. చట్టం అడగమనడం లేదు.

వేళచ్చేరి కెమెరా:
మాస్టారి మాట ఒప్పుకుంటున్నాను. పౌర్ణమికి ముందే పల్లెలకు వెళ్దాం, ప్రింట్ల ఖర్చు నాది. వ్యాను మాత్రం రద్దు చేయను. ఏ గుడారం ముందైనా వద్దంటే అక్కడ కెమెరా సంచిలోనే ఉంటుందని బృందం తరఫున మాట ఇస్తున్నాను.

మైలాపూరు పాఠకురాలు:
సంతోషం. కానీ ప్రదర్శన పెట్టబోమని మీరు ఇంకా అనలేదు.