మల్లన ఇరవై అంకెల లెక్క బడిలో చేత్తో చేయించాలా, వద్దా?

లెక్కల మాస్టారు, అమలాపురం:
మా తొమ్మిదో తరగతి పిల్లల చేత పాతకాలపు తెలుగు గణితకవి పావులూరి మల్లన చదరంగం లెక్క చేయించాను. మొదటి గడిలో ఒక గింజ, రెండో గడిలో రెండు, తర్వాత నాలుగు, ఇలా 64 గళ్లూ రెట్టిస్తే మొత్తం ఎంత? మల్లన జవాబుని, అంకెలకి బదులు మాటలు వాడి, పద్యంలో పెట్టాడు. మొదటి ఐదు మాటలు శర, శశి, షట్క, చంద్ర, శర అంటే 5, 1, 6, 1, 5. ఒకట్ల స్థానం నుంచి ఎడమకి రాసుకుంటూ పోతే 18446744073709551615 వస్తుంది. సిలబస్‌లో లేనిది ఎందుకని ఇద్దరు తల్లిదండ్రులు అడిగారు. మీరేమంటారు?

ఇంజనీరు, కాకినాడ:
వాళ్లన్నది నిజమేనండి. 2⁶⁴ లోంచి 1 తీసేయడమే కదా, కంప్యూటర్లో క్షణం పని. ఆ టైములో నాలుగు ఆల్జీబ్రా లెక్కలు చేయించండి. పద్యం తెలుగు క్లాసులో చెప్పుకోవచ్చు.

తణుకు:
ఎక్సెల్‌లో కొట్టి చూశాను. 18446744073709600000 అంది. పదిహేను అంకెలు దాటితే సున్నాలు పెట్టేస్తుంది. మల్లన సంఖ్య బేసి, ఇది సరి. మల్లన అంకెలు కూడితే 87, అంటే 3తో శేషం లేకుండా పోతుంది. ఎక్సెల్‌వి కూడితే 70, పోదు. ధాన్యం తూకానికైతే ఇది చాలు: స్వర్ణ రకం వడ్లు వెయ్యి గింజలు ఇరవై గ్రాములనుకుంటే సుమారు 37 వేల కోట్ల టన్నులు. సంఖ్య గుణం తెలియాలంటే మాత్రం చివరి అంకె దాకా కావాలి.

ఇంజనీరు, కాకినాడ:
పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో చేయండి, అన్ని అంకెలూ వస్తాయి. ప్రధాన కారణాంకాలూ ఇస్తుంది: 3, 5, 17, 257, 641, 65537, 6700417.

లెక్కల మాస్టారు, అమలాపురం:
ఇస్తుంది బాబూ, అవే ఎందుకొచ్చాయో చెప్పదు. మీరు చేయించమన్న ఆల్జీబ్రాయే ఇది. వర్గాల భేదం సూత్రంతో 2⁶⁴−1ని (2³²−1)(2³²+1)గా విడగొట్టాలి. మొదటి ముక్కని మళ్లీ అలాగే. ఒక పిల్ల మూడో వరసలోనే పెన్ను ఆపి, "ఇంక కిందదాకా ఇంతే కదండీ" అంది. ఆ మాట కోసమే చేయించాను. చివరికి 3, 5, 17, 257, 65537, 4294967297 మిగులుతాయి. ఈ వరసలోవన్నీ ప్రధాన సంఖ్యలేనని ఫెర్మా అనే గణితవేత్త నమ్మాడు. ఆఖరిది 641తో పోతుందని 1732లో మరో గణితవేత్త ఆయిలర్ చూపించాడు. 641 అంటే 5×2⁷+1, 5⁴+2⁴ కూడా. ఈ రెండూ పక్కపక్కన పెడితే భాగహారం చేయకుండానే రుజువైపోతుంది.

రాజోలు:
మంచిదేనండి, కానీ పరీక్షల ముందు వద్దు. సంక్రాంతి సెలవులకివ్వండి.

ఇంజనీరు, కాకినాడ:
641 రుజువుకి ఒక పీరియడ్ ఇవ్వచ్చు, ఒప్పుకుంటాను. 64 సార్లు రెట్టించడం మాత్రం దండగ. 2, 4, 16, 256 అని వర్గం చేసుకుంటూ పోతే ఆరు గుణకారాలు చాలు.

లెక్కల మాస్టారు, అమలాపురం:
బాగుంది, అలాగే చేయిస్తాను. ఆరోది పదంకెల సంఖ్యని పదంకెల సంఖ్యతో హెచ్చించాలి. అది చేత్తోనే.